రక్షణ కంటికి కనపడాలి

మా పల్లెలో పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టారు. రెండేళ్ళు పట్టింది. పునాది తవ్వింది మావాళ్ళే. కంకర మోసింది మా ఆడోళ్ళే. పగలంతా ఆసాముల చేలల్లో కూలికి పోయి, పొద్దుగూకాక వచ్చి మళ్ళీ తట్ట నెత్తికెత్తుకున్నారు. స్లాబు పోసిన రోజు పల్లె మొత్తం కూలి మానేసింది. ఎవరూ ఒక్క రూపాయి అడగలేదు. దేవుడి పని గదా అన్నారు.

ప్రతిష్ఠ రోజున గుమ్మం పక్కన పాలరాయి పెట్టారు. దాని మీద మూడు పేర్లు. ఎన్నికల ముందు సిమెంటు బస్తాలు పంపిన ఆసామి పేరు ఒకటి. రిబ్బను కత్తిరించిన నాయకుడి పేరు ఒకటి. ప్రార్థన చేసిన పెద్ద అయ్యగారి పేరు ఒకటి. తట్ట మోసిన మనిషి పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ ఆసామి చర్చి లోపలికి కూడా రాలేదు. బయట నిలబడి దండ వేయించుకుని, జీపెక్కి పోయాడు.

పల్లెలో బొమ్మలేసే పిల్లోడు ఒకడున్నాడు. ఎన్నికలప్పుడు గోడల మీద రాతలు రాస్తాడు. పండగలప్పుడు చర్చికి రంగులేస్తాడు. వాడు సంఘపెద్దల దగ్గరికి పోయి అడిగాడు. "పెదనాన్నా, లోపలి గోడ తెల్లగా ఉంది గదా. మనోళ్ళు తట్టలు మోస్తన్నట్టు బొమ్మేసి, కింద అందరి పేర్లూ రాస్తాను. రంగుల డబ్బులు నేనే పెట్టుకుంటాను."

పెద్దలు ఏమన్నారో తెలుసా? "దేవుడి మందిరంలో కూలోళ్ళ బొమ్మలేందిరా?" అన్నారు. పట్నం నుంచి యేసు పటం కొనుక్కొచ్చి తగిలించారు. తెల్లటి మొహం, నీలి కళ్ళు. చేతులు చూస్తే వడ్రంగి చేతుల్లాగా లేవు. జన్మలో ఉలి పట్టినట్టు లేవు.

ఇది మా ఒక్క పల్లె గొడవే అయితే ఈ పత్రికలో రాయాల్సిన పనిలేదు. పని ఎవరిది, పేరు ఎవరిది, రక్షణ ఎవరిది అనేది దేశంలో ప్రతి దళితవాడ గొడవ. చర్చి గోడ దగ్గరా అదే గొడవ. పెద్ద పెద్ద నగరాల్లో బొమ్మల ప్రదర్శనశాలల దగ్గరా అదే గొడవ.

పని పూజ అనేవాడెవడు?

"పనే పూజ" అని ఆఫీసుల గోడల మీద రాసి ఉంటుంది. రాసినవాడు ఏ పని చేస్తాడో చూడండి. నాట్లు వేసేవాడు ఆ మాట అనడు. తోలు ఊనేవాడు అనడు. మురుగ్గుంటలో దిగేవాడు అనడు. పని చేయించుకునేవాడే అంటాడు. పనిని పూజ చేస్తే కూలి ఇవ్వక్కర్లేదు. పూజకు ప్రతిఫలం ఈ లోకంలో అడగకూడదు గదా!

మనువు చెప్పిందీ ఇదే. శూద్రుడికి సేవే ధర్మం అన్నాడు. మనల్నయితే ఆ లెక్కలో కూడా చేర్చలేదు. ఊరి బయట ఉంచాడు. 1936లో అంబేడ్కర్ ఈ ముసుగు లాగి చూపించాడు. కులం అంటే పనులు పంచుకోవడం కాదని, పనిచేసేవాళ్ళనే ముక్కలు ముక్కలు చేసి మెట్ల మీద నిలబెట్టడమని చెప్పాడు. పై మెట్టు మీదున్నవాడు కింది మెట్టు మీదున్నవాడి పనిని పొగిడితే జాగ్రత్తగా ఉండాలి. పొగడ్త పడిందంటే కూలిలో కోత పడబోతోందని అర్థం.

2019 ఫిబ్రవరి 24న ప్రయాగ కుంభమేళాలో ప్రధాని మోడీ అయిదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్ళు కడిగాడు. ఆ బొమ్మ దేశమంతా తిరిగింది. ఇత్తడి పళ్ళెం కనపడింది, నీళ్ళు కనపడ్డాయి, వంగిన ప్రధాని కనపడ్డాడు. ఆ అయిదుగురి పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? చేతులతో మలం ఎత్తించకూడదని 2013లో చట్టం వచ్చింది. మురుగు కాలవల్లో చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో ముప్పై లక్షలు చేసింది. ఎందుకు పెంచాల్సి వచ్చింది? తొమ్మిదేళ్ళ తర్వాత కూడా మనుషులు మురుక్కాలవలో దిగి చస్తూనే ఉన్నారు గనుక. కాళ్ళు కడగడం బొమ్మకు బాగుంటుంది. యంత్రం కొని, మనిషిని దించకుండా ఉంటే బొమ్మ పడదు. ఏది రక్షణ? మీరే చెప్పండి.

మన క్రైస్తవ పల్లెల్లో "రక్షణ పొందావా?" అని అడుగుతారు. అదే మనిషి ఊళ్ళో దెబ్బలు తిని పోలీసు స్టేషనుకు పోయి "అయ్యా, రక్షణ కావాలి" అంటాడు. మాట ఒక్కటే. అయ్యగారు మొదటి రక్షణ గురించి గంటసేపు ప్రసంగం చేస్తారు. రెండో రక్షణ మాటెత్తితే రాజకీయం అంటారు. బైబిలు తెరిచి చూస్తే ఈ రెంటికీ మధ్య గోడ లేదు. ఐగుప్తులో ఇటుకలు కోసే బానిసలతో దేవుడు మీ ఇటుక పనే పూజ అనలేదు. ఆ బట్టీ వదిలి బయటకు నడవమన్నాడు. కోత కోసినవాళ్ళ కూలి బిగబట్టిన ఆసాముల మీద యాకోబు తన పత్రికలో మండిపడ్డాడు. ఈ భాగాలు మన చర్చిల్లో ఏడాదికి ఎన్నిసార్లు చదువుతున్నారో లెక్కపెట్టుకోండి.

ప్రత్యక్ష రక్ష

ఈ ప్రశ్నే వందేళ్ళ కిందట కేరళలో ఒకాయన వేశాడు. పొయ్కయిల్ అప్పచ్చన్. 1879లో తిరువల్ల దగ్గర ఇరవిపేరూరులో పుట్టాడు. పరయ కులం. ఆయన పుట్టడానికి పాతికేళ్ళ ముందు, 1855లో, తిరువాన్కూరులో బానిసత్వం రద్దు చేస్తున్నామని ప్రకటన వచ్చింది. అంతకుముందు అక్కడ పొలంతో పాటు మనుషుల్ని కూడా అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు. తల్లిని ఒకడికి, బిడ్డను ఒకడికి అమ్మేవాళ్ళు. అప్పచ్చన్ ఇంటివాళ్ళు సిరియన్ క్రైస్తవ ఆసాముల కింద పనిచేశారు. ఆయన యోహన్నాన్ అనే పేరుతో క్రైస్తవుడయ్యాడు. మార్తోమా సంఘంలో చేరాడు, తర్వాత బ్రదరన్ సంఘంలో చేరాడు. ప్రతి చోటా ఒకటే చూశాడు. దేవుడు ఒక్కడే, బెంచీలు వేరు. ప్రార్థన ఒక్కటే, శ్మశానాలు వేరు.

అప్పుడాయన పుస్తకాలన్నీ వెతికాడు. నా జాతి గురించి ఒక్క ముక్కయినా ఉందా అని అడిగాడు. లేదు. ఆ దుఃఖంతోనే పాటలు కట్టాడు. మన చరిత్ర లేని పుస్తకం మనకెందుకని ఒక సభలో బైబిళ్ళు కాల్పించాడని అక్కడివాళ్ళు చెబుతారు. మన సంఘపెద్దల గుండె ఆగిపోవద్దు. ఆయన దేవుణ్ణి కాదనలేదు. మా పేరు లేకుండా మమ్మల్ని రక్షించామని చెప్పేవాణ్ణి కాదన్నాడు. 1909లో సొంత సభ పెట్టాడు. దాని పేరు ప్రత్యక్ష రక్షా దైవ సభ. ప్రత్యక్ష రక్ష! చచ్చాక వచ్చే రక్షణ కాదు, బతికుండగా కంటికి కనపడే రక్షణ. సభలో జనం కూర్చుని తమ తాత ముత్తాతల బానిస బతుకు తలుచుకుని ఏడ్చేవాళ్ళు. ఎద్దుతో జతచేసి కాడి కట్టిన తాతల్ని, అంగడిలో విడిపోయిన తల్లీబిడ్డల్ని తలుచుకునేవాళ్ళు. ఏడ్చి ఊరుకోలేదు. భూమి సంపాదించారు, బళ్ళు పెట్టారు. 1921లోనూ 1931లోనూ అప్పచ్చన్ శ్రీమూలం ప్రజాసభలో సభ్యుడయ్యాడు. చదువు కావాలి, భూమి కావాలి అని అడిగాడు. 1939లో చనిపోయాడు. ఆయన సభ ఇవాళ్టికీ ఉంది.

రబ్బరు మీద తాతల మొహాలు

ఇక ఇప్పటి మాటకొద్దాం. కేరళలోనే కన్నూరు జిల్లాలో రబ్బరు చెట్లు గీసే దళిత కుటుంబంలో సజన్ మణి అనే ఆయన పుట్టాడు. బొమ్మలు చేస్తాడు. బెర్లిన్‌లో ఉంటాడు. 2021లో బెర్లిన్ ఆర్ట్ ప్రైజ్ అందుకున్నాడు. ఆ బహుమతి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే.

బహుమతి సంగతి పక్కన పెట్టండి. చేసిన పని చూడండి. రబ్బరు గీసే పని మనకు తెలియదు గానీ, కల్లు గీతను చూసినవాళ్ళకు కొంత అర్థమవుతుంది. తెల్లారకముందే తలకు దీపం కట్టుకుని తోటలోకి పోవాలి. బెరడు మీద ఏటవాలుగా కత్తితో గాటు పెట్టాలి. లోతు ఎక్కువైతే చెట్టు పాడవుతుంది, తక్కువైతే పాలు రావు. కారిన పాలు చిప్పల్లోంచి పోగుచేసి, ఆసిడ్ కలిపి పేరబెట్టి, మరలో ఒత్తి షీట్లు చేసి, పొగలో ఆరబెట్టాలి. ఏళ్ళ తరబడి ఆ వాసన ఒంటిని వదలదు.

సజన్ మణి ఆ రబ్బరు షీట్లనే ప్రదర్శనలో వేలాడదీశాడు. వాటి మీద ఫోటోలు అచ్చువేశాడు. ఎవరి ఫోటోలు? వందేళ్ళ కిందట తెల్లవాళ్ళు మనదేశం వచ్చి, ఆదివాసుల్నీ దళితుల్నీ నిలబెట్టి, జాతుల లెక్క కోసం తీసి పట్టుకుపోయిన ఫోటోలు. జర్మనీ మ్యూజియాల్లో అరల్లో పడున్నాయి. మొహం ఉంది, పేరు లేదు. అవి మా తాతలవి అన్నాడు సజన్ మణి. తన ఇంట్లోవాళ్ళు ఏ పనిచేసి బతికారో ఆ పని మీదే ఆ మొహాలు అచ్చువేసి, ఆ ఫోటోలు దాచిపెట్టుకున్న దేశం మధ్యలోనే నిలబెట్టాడు. ఇంకో చోట అప్పచ్చన్ పాటలు తీసుకుని, గంటల తరబడి నిలబడి గోడ మీద మలయాళంలో రాశాడు. అక్షరం మీద అక్షరం పడేదాకా, చేతులు పడిపోయేదాకా రాశాడు. తన జాతి గురించి ఒక్క ముక్క లేదని అప్పచ్చన్ ఏడ్చాడు గదా. ఇదిగో ఆ ముక్క అన్నట్టుంది ఆ రాత.

పని ఉంది అందులో. విశ్వాసం ఉంది. రక్షణ కూడా ఉంది. కానీ పనిని పూజ చేయలేదు. బాకీ ఎంతో చూపించాడు. అదీ తేడా.

కళకు కులం లేదనే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. ఏసీ గదుల్లో వేలాడే బొమ్మల్లో ఎర్రబొట్టు పెట్టుకున్న పల్లెపడుచు, బిందె ఎత్తుకున్న నడుము, నాగలి పట్టిన కండ, అన్నీ మనవే. కొన్నవాడి పేరుంటుంది, గీసినవాడి సంతకం ఉంటుంది. బిందె ఎవరిదో ఉండదు. ఆ బిందెలోకి నీళ్ళు ఊరబావిలో తోడుకోనిచ్చారో లేదో అసలే ఉండదు. కష్టాన్ని అందంగా చూపించి కష్టపెట్టినవాణ్ణి చూపించని బొమ్మ, కుంభమేళా పళ్ళెం లాంటిదే.

అట్లాగని సజన్ మణికి హారతి పట్టమని నేను చెప్పడం లేదు. బెర్లిన్‌లో రబ్బరు వేలాడితే కేరళ తోటలో గీసేవాడి కూలి పెరగదు. కేరళలో భూసంస్కరణలు వచ్చినప్పుడు పెద్ద తోటల్ని చట్టం ముట్టుకోలేదు. గుడిసెల్లో ఉన్న దళితులకు దక్కింది సెంట్ల లెక్క. అందుకే 2007 ఆగస్టులో చెంగరలో వేలాదిమంది భూమిలేనివాళ్ళు, ఎక్కువమంది దళితులు, రబ్బరు తోటలోకి పోయి పాకలు వేసుకున్నారు. గోడ మీద రాసిన రాతకు అర్థం చెంగర చెప్పింది. చెంగర లేకపోతే ఆ రాత వట్టి అలంకారం. ఆ రాత లేకపోతే చెంగర కథ రేపు ఎవడో ఆసామి కొడుకు రాసి మనకే అమ్ముతాడు. రెండూ కావాలి.

మన ఒంగోలు కాలవ

మనకు మాత్రం కథ లేదా? 1876 నుంచి 1878 దాకా గొప్ప కరువు. ఒంగోలు ప్రాంతంలో జనం పిట్టల్లా రాలిపోయారు. బకింగ్‌హాం కాలవ తవ్వకం పనిలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ తీసుకున్నాడు. వేలమంది మాదిగలు ఆ కాలవ తవ్వి కరువు దాటారు. కూటి కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని క్లౌ కరువులో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది నీళ్ళలో మునిగి లేచారు.

ఈ కథ ఇంతదాకా ఎట్లా చెప్పారు? క్లౌ దొర రక్షించాడు, మాదిగలు రక్షించబడ్డారు అని. అబద్ధం. క్లౌ ఒంగోలు రాకముందే, 1866లో, తోళ్ళ వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. ఊరూరా తిరిగి తనవాళ్ళకు చెప్పింది ఆయన, ఆయనలాంటివాళ్ళు. కాలవ తవ్వింది మన పార, మోసింది మన తట్ట. దొర కూలి ఇచ్చాడు, అది మంచిదే. కానీ నీళ్ళలోకి నడిచింది మన కాళ్ళు. ఎవరూ ఎత్తుకుపోయి ముంచలేదు.

ఆ కాలవ పని ఏ గోడ మీదైనా బొమ్మగా చూశారా? నేను చూడలేదు. మన చర్చిల్లో నీలికళ్ళ యేసు ఉన్నాడు గానీ పార పట్టిన పేరయ్య లేడు.

మనం చేసిన బొమ్మలే లేవా? ఉన్నాయి. వాడవాడలో సిమెంటు అంబేడ్కర్ ఉన్నాడు. నీలికోటు, చేతిలో పుస్తకం, చాపిన వేలు. కూలిడబ్బులు చందా వేసుకుని నిలబెట్టుకున్నాం. కళాపండితులు దాన్ని కళ అనరు. ప్రదర్శనశాలలో బొమ్మ తల ఎవడూ నరకడు. మన బొమ్మ తల రాత్రికి రాత్రి నరుకుతారు. ఏ బొమ్మకు బలముందో శత్రువుకు తెలుసు. పేరుకు కూడా అంతే. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దని అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పేరుదేముందిలే అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు. మనవాళ్ళు శవాల్ని ఊరి బయటకు తీసుకుపోలేదు. ఊరి నడిమధ్యే పాతిపెట్టి రక్తక్షేత్రం అన్నారు. 2007లో ఆ ఊళ్ళోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కాగితం మీద తీర్పు మారింది. రక్తక్షేత్రం మారలేదు. ప్రత్యక్ష రక్ష అనే మాట చుండూరులో ఎవరూ వాడి ఉండకపోవచ్చు. చేసింది మాత్రం అదే.

గోడ మీద మస్టరు

ఇప్పుడు మా పల్లెకు మళ్ళీ వస్తాను. పెద్దల మీద కోపంతో నేను ఒకాయన్ను నిలదీశాను. ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి మెల్లగా చెప్పాడు. "ఒరే అబ్బాయ్, కూలోళ్ళ బొమ్మని కాదురా మా భయం. చర్చి గోడ మీద అందరి పేర్లూ రాస్తే, రేపు గిట్టనోడు ఎవడన్నా ఫోటో తీసి కలెక్టరాఫీసుకు పంపితే పిల్లల సర్టిఫికెట్లు ఏం గావాలి?"

నా నోట మాట రాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మా పెద్దాయన గొంతులో కూర్చుని మాట్లాడుతోంది. హిందువు కానివాడు ఎస్సీ కాదన్నారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గీత చెరిపారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఈ రోజుకీ చెరపలేదు. చుండూరులో నరికినవాడు నువ్వు ఏ దేవుడికి మొక్కుతావని అడిగి నరికాడా? ఊరవతల ఇళ్ళు మతం చూసి వేశారా? కులం మాత్రం మనల్ని వదలదు, కులానికిచ్చే హక్కు మాత్రం వదిలిపోవాలి! అందుకే మనవాడికి సర్టిఫికెట్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. తన చేత్తో కట్టుకున్న గోడ మీద తన పేరు రాసుకోవడానికి భయపడే మనిషికి రక్షణ దొరికిందని ఎట్లా అంటాం?

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళు కొందరు "అన్నా, భూమి కేసులు, అట్రాసిటీ కేసులు ఇన్ని ఉండగా బొమ్మల గొడవెందుకే" అంటున్నారు. తమ్ముళ్ళారా, పేరు లేనివాడికి పట్టా రాదు. పేరు లేనివాడికి కూలి రాదు. సాక్షి పేరు లేకపోతే కేసు నిలవదు. బొమ్మ, పేరు, కూలి ఒకే తాడుకున్న మూడు పురులు.

అందుకని పిల్లోడితో కూర్చుని ఒక ఆలోచన చేశాం. చర్చి గోడ వద్దు. అంబేడ్కర్ బొమ్మ దిమ్మె వెనకాల గోడ ఉంది. అది పల్లె అందరిదీ. దాని మీద తట్ట మోసే ఆడోళ్ళ బొమ్మ వేస్తాడు. కింద పేర్లు రాస్తాడు. అది బాప్తిస్మం లెక్క కాదు, మస్టరు. ఎవరు ఎన్నాళ్ళు పనిచేశారు, ఏం మోశారు, అంతే. పని లెక్క చూసి ఎవడూ సర్టిఫికెట్ రద్దు చేయలేడు. చర్చి కట్టినా, ఆసామి మేడ కట్టినా, రోడ్డు వేసినా మస్టరు మస్టరే. మాలపల్లె వాళ్ళ పేర్లూ, మాదిగపల్లె నుంచి వచ్చి సాయం పట్టినవాళ్ళ పేర్లూ ఒకే గోడ మీద ఉంటాయి. రెండు పల్లెలకు రెండు చర్చిలు పెట్టుకున్న సిగ్గు మనది గదా. గోడయినా ఒకటి కానివ్వండి.

ఏప్రిల్ 14కు రంగులు ఆరాలి. పెద్దాయన మొదట వద్దన్నాడు. తర్వాత నాలుగు రోజులకు తనే వచ్చి, తన భార్య పేరు రాయించాడు. స్లాబు రోజున ఆమె ఎన్ని తట్టలు ఎత్తిందో చెప్పాడు.

మీ ఊళ్ళోనూ ఏదో ఒక పాలరాయి ఉంటుంది. బడి దగ్గరో, చెరువు కట్ట మీదో, గుడి దగ్గరో. పోయి చూడండి. దాని మీద లేని పేర్లు రాసుకోండి. ముసలోళ్ళు ఉండగానే అడగండి. గోడ వెతకండి. బొమ్మలేసే పిల్లలు ప్రతి పల్లెలో ఉన్నారు. వాళ్ళను ఎన్నికల గోడల దగ్గరే వదిలేయకండి.

1950 ఉత్తర్వులోని ఆ గీత చెరిపేదాకా కొట్లాడదాం. చెరిగిన రోజున మా చర్చి గుమ్మం పక్కన ఇంకో రాయి పెడతాం. అందులో మూడు పేర్లు ఉండవు. పల్లె మొత్తం ఉంటుంది.

జై భీమ్.